అంగుళంపావు గుమ్మం

మా ఆయన బిగించిన తలుపుకీ ద్వారబంధానికీ మధ్య పోస్టుకార్డు దూరదని చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకునేవాళ్లు. కొత్తింటికి తలుపు పెట్టిన రోజున ఇంటివాళ్లను లోపల నిలబెట్టి, తలుపు మూసి, బయటినుంచి కేకేసేవాడు.

"ఏందయ్యా, వెలుతురు కనపడతందా?"

లేదని లోపలినుంచి జవాబు వస్తేనే చెవిమీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకునేవాడు. పెన్సిలు జేబులోకి పోయిందంటే ఆ ఇంట్లో పని అయిపోయినట్టు.

నేను చదివింది మూడో తరగతి. కానీ చెవిన పడ్డ మాట నాకు పోదు. నలభై ఏళ్లు మా కొట్టం గుమ్మంలో కూర్చుని, బియ్యం ఏరుతూ, గోంగూర వలుస్తూ ఆయన పని చూశాను. ఏ చెక్కకి చిత్రిక ఎటునుంచి ఎటు పట్టాలో, అతుకుకు కూసం ఎంత లోతు తీయాలో, జిగురు ఆరేదాకా ఎన్ని గంటలు బిగించి ఉంచాలో అంతా నోటికి వచ్చు. చేతికి మాత్రం రాదు. వడ్రంగి ఇంట్లో ఆడవాళ్లం పనిముట్టు పట్టం. దసరాకి ఉలికీ బాడిసెకీ రంపానికీ గంధం బొట్లు పెట్టడం వరకే మా వంతు. కిందపడి ఉన్న ఉలిని దాటినా ఆయనకు కోపమే. "చుట్టు తిరిగి రా, కాళ్లు అరిగిపోతాయా" అనేవాడు.

మా ఊరు నరసరావుపేటకు ఆటోలో ముప్పావుగంట. మాది పెంకుటిల్లు. ముందు పంచ, పక్కన కొట్టం, ఖాళీ స్థలంలో ఒక వేపచెట్టు. ఇంటిలో మేమిద్దరమే అని చెప్పడానికి లేదు. పిచ్చుకలు ఉండేవి. దూలం కొసన ఒక జంట, గోడమీద మా పెళ్లి ఫొటో వెనకాల ఒక జంట. అవి తిరగడానికి వంటింటి కిటికీ ఒక రెక్క పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా తెరిచి ఉంచేదాన్ని. ఆయన టేకు చెక్కకి చిత్రిక పడుతుంటే పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలేది. పిచ్చుకలు వచ్చి ఆ ఉంగరాలు ముక్కున కరుచుకుని పోయేవి.

"ఏమే, కూలోళ్లు వచ్చారు. చూడు."

"నీ దగ్గర పనిచేస్తన్నాయా, నీ సరుకు ఎత్తకపోతన్నాయా?"

"ఎత్తకపోనీ. నా పొట్టుతో కాపురం పెట్టుకుంటే నాకు పేరేగా."

ఎదురింటి వాళ్లది పత్తి చేను. పత్తి తీసిన రోజుల్లో వాళ్ల వసారాలో పత్తి కుక్కిన గోనె బోరేలు పేర్చి ఉండేవి. పిచ్చుకలు ఆ బోరేల చిరుగుల్లోంచి దూది లాక్కొచ్చేవి. ఎదురింట్లో ఒక పెద్దామె ఉంది, ఆమెను నేను అత్తా అంటాను. చుట్టరికం ఏమీ లేదు, ఎదురెదురు ఉండటమే చుట్టరికం. "మా పత్తితో మీ ఇంట్లో పరుపులు కుడతన్నారు" అని దెప్పుతుండేది.

పోయినేడు శ్రావణంలో ఆయన పోయాడు. కొట్టంలోనే, స్టూలుమీద కూర్చుని, కిటికీ రెక్కకు ఆకురాయి పడుతూ గుండె పట్టుకున్నాడు. బండి వచ్చేలోపే అయిపోయింది. ఆ వేళ జరిగింది రాయడానికి చెయ్యి రాదు. తర్వాత జరిగింది చెబుతాను.

పంతులు పంచాంగం చూసి, మనిషి ధనిష్ఠా పంచకంలో పోయాడన్నాడు. ఆ అయిదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే ఆ ఇల్లు పాడుపెట్టాలి. దీపం పెట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు, మనిషి నిద్రచేయకూడదు. తాళంవేసి పోవాలి. ఆరు నెలలు అన్నాడు పంతులు. మా అమ్మాయిని మాచర్ల ఇచ్చాము. అల్లుడి ఇంట్లో ఆరు నెలలు ఉండటం బాగుండదని, శావల్యాపురంలో ఉన్న మా చెల్లెలు తన ఇంటికి తీసుకుపోతానంది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఇల్లు నేనే మూశాను. ముందు తలుపు, దొడ్డి తలుపు, పడకగది కిటికీలు, చివరికి వంటింటి కిటికీ. ఏడ్చి ఏడ్చి కళ్లు కనపడని రోజులవి. గడియ వేస్తూ రెక్కల సందున చూశాను. గీత మందం వెలుతురు కూడా లేదు. ఎంత బాగా చేశాడు అనుకున్నాను. అదొక్కటే అనుకున్నాను.

చెల్లెలు బాగానే చూసుకుంది. కానీ వాళ్ల ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో నాకు తెలియదు. ఆరు నెలలూ చక్కెర ఎక్కడ అని అడుగుతూనే ఉన్నాను. "నీ ఇల్లే అనుకో అక్కా" అంటుంది. అనుకోవడానికి ఏముంది, అనుకునేదాన్ని. అయినా పడుకోబోయేముందు మా ఇంటి తలుపులన్నీ వరసగా మనసులో మూసుకుంటూ పోయేదాన్ని. అప్పుడే నిద్ర పట్టేది.

మాఘంలో తిరిగి వచ్చి తాళం తీశాను. తలుపు రాలేదు. వానాకాలంలో ఉబ్బిన చెక్క బంధానికి పట్టేసింది. భుజంతో రెండుసార్లు కొడితే వచ్చింది. లోపలినుంచి ఒక వాసన ముఖాన కొట్టింది. మూసిపెట్టిన గాలి, పాత బట్ట, ఎలుక, ఇంకా ఏదో. ఆ వాసన నేను మరిచిపోను. దానితో మళ్లీ పని పడింది కాబట్టి చెబుతున్నాను.

పంతులు వచ్చి శాంతి చేసి పోయాడు. మర్నాడు బూజు దులుపుతూ పెళ్లి ఫొటో దించాను. దాని వెనకనుంచి గూడు జారి నా చేతుల్లో పడింది. టేకు పొట్టు, దూది, నా పాత చీర దారం. మధ్యలో మూడు గుడ్లు. బూడిద మచ్చల గుడ్లు. ఒకటి అరచేతిలో పెట్టుకుంటే బరువే లేదు, లోపల ఎండిపోయింది.

అప్పటికి గాని నాకు తట్టలేదు. నేను కిటికీ మూసిన రోజున ఆ తల్లి నూకలకు బయటికి పోయి ఉంటుంది. తిరిగి వచ్చి ఉంటుంది. కిటికీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో. పోస్టుకార్డు దూరని కిటికీలో అదెక్కడ దూరుతుంది.

ఆ మాట ఎవరికి చెప్పుకోను? ఎదురింటి అత్తకు చెబితే ఇలా అంది. "పోనీలేవే. నువ్వు కావాలని చేశావా. అయినా పాడుపెట్టిన కొంపకి పిచ్చుక రాదు. మడిసి మసలని కాడ అది ఉండదు."

ఈ మాట కూడా వీధిలో నిలబడే అంది. ఆమె మా గుమ్మం ఎక్కడం లేదు. ఆమే కాదు, ఎవరూ ఎక్కడం లేదు. శాంతి అయినా సరే, పంచకం పట్టిన ఇల్లు కదా, కొన్నాళ్లు పోనీ అని అందరికీ మనసులో ఉంది. పాలమ్మాయి చెంబు అరుగుమీద పెట్టి కేకేసి పోతుంది. వాళ్లను తప్పుపట్టను, ఇంకొకరి ఇల్లయితే నేనూ అదే చేసేదాన్ని. ఆయన ఉన్నప్పుడు కొట్టంలో ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉండేవాళ్లు. ఇప్పుడు మధ్యాహ్నం పూట నా గాజుల చప్పుడు నాకే వినపడుతుంది.

కిటికీ రెక్క తెరిచి పెట్టాను. పంచలో నూకలు చల్లాను. కిరాణా కొట్టు దగ్గరి పిచ్చుకలు నాలుగు వచ్చాయి, తిన్నాయి, పోయాయి. చుట్టపుచూపే. గోడమీద మళ్లీ ఫొటో తగిలించాను, దాని వెనక్కి ఒక్కటీ పోలేదు. ఒక్క జంట వచ్చి ఈ ఇంట్లో పిల్లల్ని చేసి, ఆ పిల్లలు ఎగిరిపోవడం నా కళ్లతో చూస్తే చాలు అనుకున్నాను. ఆ మూడు గుడ్లకు బదులు అని కాదు, బదులు ఏముంటుంది. ఇది మళ్లీ మనుషులుండే ఇల్లే అని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. మనుషులకంటే ముందు అవి ఒప్పుకుంటే బాగుండుననిపించింది.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి ఫోను చేసింది.

"అమ్మా, నాన్న పనిముట్లు అడుగుతున్నారు ఇక్కడ ఒకళ్లు. ఊరికే తుప్పు పడతయ్యి గదా, ఇచ్చేద్దామా?"

"నాకు పనుంది వాటితో."

"నీకేం పని?"

"చెక్కపని."

"అన్నం తింటన్నావా సరిగ్గా?" అంది. నాకు మతి చెడిందనుకుంది పాపం.

స్నానం చేసి, పనిముట్లకు గంధం బొట్లు పెట్టి, దణ్ణం పెట్టుకుని రంపం పట్టాను. కొట్టంలో మూలన టేకు ముక్కలు, వేప ముక్కలు బోలెడు ఉన్నాయి. మొదటిరోజు రెండు ముక్కలు కోసేసరికి అరచెయ్యి పొక్కింది. నాలుగోరోజుకు రంపం దాని దారిన అది పోవడం మొదలుపెట్టింది.

మొదటి పెట్టె వేపచెక్కతో చేశాను. జానెడున్నర ఎత్తు, జానెడు వెడల్పు. కంత పెట్టడానికి తలుపు తాళం బుడ్డికి వాడే పెద్ద బరమా దొరికితే దానితోనే తొలిచాను. రెండంగుళాల కంత పడింది. వేపచెట్టుకు కట్టిన మూడోరోజుకే గోరింకలు దిగాయి. పొద్దున్నే మొగుడూ పెళ్లాలు కొమ్మమీద కూర్చుని ఒకటే తగువు. కాగితం ముక్కలు, పాము కుబుసం, ఎవరి తలదో వెంట్రుకల చుట్ట, దొరికిందల్లా లోపల కుక్కాయి. పిచ్చుక ఒకటి దగ్గరికి వస్తే తరిమి తరిమి కొట్టాయి.

"పిచ్చుక్కి ఇల్లు కడతానని గోరింకని కాపురానికి తెచ్చావు" అని అత్త వీధిలోంచి నవ్వింది. "అంత గుమ్మం పెడితే నేనూ వస్తానే."

"రా అత్తా. ముందు మా ఇంటి గుమ్మం ఎక్కు."

ఆమె నవ్వు ఆపి పమిట సర్దుకుని లోపలికి పోయింది. అనకుండా ఉండాల్సింది.

పిచ్చుక ఎంత సందులో దూరగలదో కనుక్కోవడానికి వాటినే చూస్తూ కూర్చున్నాను. కిరాణా కొట్టు గోడకి పాత పైపు ఒకటి ఉంది. దానిలో ఒక జంట కాపురం. వాటితోపాటు గోరింక కూడా ప్రయత్నం చేస్తుంది గాని తల దూరితే రెక్క దూరదు. ఆయన కొలబద్ద తీసుకుపోయి ఆ పైపు నోరు కొలిచాను. అంగుళంపావు. కొట్టు అబ్బాయి "ఏంది పెద్దమ్మా, పైపు మారుస్తావా" అన్నాడు. "లేదు నాయనా, ఇదే సైజు గుమ్మం ఒకటి పెట్టాలి" అన్నాను.

రెండో పెట్టె మాత్రం ఆయన పేరు నిలబెట్టేలా చేయాలనుకున్నాను. ఆయన చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటీ గుర్తుచేసుకున్నాను. చెక్కమీద అరచెయ్యి జారిపోవాలి. కాబట్టి టేకు పలకలకు లోపలా బయటా చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో అద్దంలా రుద్దాను. అతుకులో గాలి దూరకూడదు. కాబట్టి జిగురు పెట్టి, మరలు బిగించి, ఇంకా ఎక్కడైనా సందు ఉందేమోనని రంపపు పొట్టు జిగురులో కలిపి పూడ్చాను. వాన నీళ్లు నిలవకూడదు. కాబట్టి పైన రేకు కొట్టాను. చెక్కకు పూత వేయకపోతే చెద పడుతుంది. కాబట్టి వార్నీషు రెండు పూతలు వేశాను. అంగుళంపావు బరమా లేదు. చిన్న బరమాతో గుండ్రంగా వరస కంతలు తొలిచి, ఉలితో మధ్య ముక్క ఊడగొట్టి, ఆకురాయితో నున్నగా తిప్పాను. దానికే ఒక పూట పట్టింది.

పెట్టె పైకెత్తి కంతకు కన్ను ఆనించి లోపలికి చూశాను. చీకటి. ఎక్కడా గీతంత వెలుతురు లేదు. ఆయన ఉంటే పెన్సిలు జేబులో పెట్టుకునేవాడు.

ఇక ఎక్కడ తగిలించాలన్నది వచ్చింది. మా ఇంటి దక్షిణపు గోడకు చూరు బాగా ముందుకు వంగి ఉంటుంది. పిల్లి ఎక్కదు, కాకి వాలదు. అక్కడికే నిచ్చెన వేస్తుంటే వీధిలోంచి అత్త అరిచింది.

"ఏమే, దచ్చిణం గుమ్మం పెడతావా? ఒక మడిసి పోయింది చాల్లేదా?"

నా చెయ్యి అలాగే ఆగిపోయింది. పిట్ట గూటికి వాస్తేమిటని బయటివాళ్లు నవ్వవచ్చు. కానీ ఆయన నలభై ఏళ్లలో దక్షిణానికి సింహద్వారం ఒక్కటీ పెట్టలేదు. పెట్టమన్నవాళ్లను "వేరేవాణ్ణి చూసుకోండి" అని పంపేవాడు. పైగా పాడుపెట్టి తెరిచిన ఇల్లు. నాకూ భయం వేసింది. నిచ్చెన దించేశాను.

ఖాళీ స్థలం మధ్యలో ఒకప్పుడు పందిరికి పాతిన తుమ్మ గుంజ ఉంది. దానికి తగిలించాను, గుమ్మం సరిగ్గా తూర్పుకి. గుమ్మం కింద చిన్న పసుపు బొట్టు కూడా పెట్టాను.

"ఇప్పుడు బాగుంది" అంది అత్త. "గృహప్రవేశానికి పిలవ్వే."

వార్నీషు వాసన పోవడానికి నెల పట్టింది. ఆ నెల రోజులూ పిచ్చుకలు వచ్చి రేకుమీద వాలి, తల వంచి కంతలోకి చూసి పోయేవి, సంబంధం చూడ్డానికి వచ్చినట్టు. నేను పంచలో కూర్చుని ఎదురింటి వాళ్ల మిరపకాయలకు తొడిమలు తీస్తూ వాటినే చూసేదాన్ని. చేతులు మండుతున్నాయని కూడా తెలిసేది కాదు.

ఉగాది పోయిన వారానికి ఒక మగ పిచ్చుక లోపలికి పోయింది. పోయి, బయటికి వచ్చి, గుమ్మంలో ఛాతీ విరుచుకుని కూర్చుని పిలవడం మొదలుపెట్టింది. రెండురోజులు పిలిచింది. మూడోరోజు ఆడది వచ్చింది. నోట్లో దూది. మొన్నటి కోత పత్తి, తెల్లగా.

నేను వీధిలోకి పరుగెత్తాను. "అత్తా, మీ పత్తి వచ్చింది మా ఇంటికి!"

ఆమె అరుగుమీద మజ్జిగ చిలుకుతోంది. కవ్వం ఆపి అటు చూసింది. నవ్వింది.

కొన్నాళ్లకు లోపల అరుపులు మొదలయ్యాయి. పిల్లలు ఎన్నో తెలియదు. పెట్టె ఎత్తులో ఉంది, మూత తెరవడానికి వీల్లేదు. జిగురు పెట్టి బిగించాను కదా. చప్పుడును బట్టి మూడు అనుకున్నాను. తల్లి పురుగుతో గుమ్మంలో వాలగానే లోపల మూడు గొంతులు లేచేవి. ఒకటి సన్నం, ఒకటి బొంగురు, ఒకటి ఆగకుండా అరిచేది. మా అమ్మాయి ఫోను చేస్తే ఫోను అటు చాపి వినిపించేదాన్ని. "సిగ్నలు సరిగ్గా లేదేమో అమ్మా, కీచుకీచుమంటంది" అంది మొదటిసారి.

రోహిణి కార్తె వచ్చింది. మా పల్నాట్లో రోహిణి అంటే రోళ్లు పగలడం మాటవరసకు కాదు. పొద్దున పదికే వీధి నిర్మానుష్యం. పడమటి గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు వస్తుంది. ఆ రోజు అన్నం తిని పంచలో నడుం వాల్చాను. కునుకు పట్టబోతుంటే మెలకువ వచ్చేసింది. ఎందుకు వచ్చిందో ముందు తెలియలేదు. తర్వాత తెలిసింది. చప్పుడు లేదు. తల్లి గుమ్మంలో వాలి ఉంది, నోట్లో పురుగు ఉంది, లోపలినుంచి ఒక్క గొంతూ లేవలేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. నేల కాలింది. స్టూలు వేసి ఎక్కి పెట్టె మీద చెయ్యి వేశాను. రేకుమీద చెయ్యి నిలవలేదు. కంత దగ్గర ముక్కు పెడితే ఒక వాసన వచ్చింది. మాఘంలో తలుపు తోసినప్పుడు నా ముఖాన కొట్టిన వాసనే. మూసిపెట్టిన గాలి.

మూత పీకబోయాను. రాలేదు. మరలు తిప్పే సాధనం తెచ్చాను. మరల తలలమీద రంపపు పొట్టు పూడ్చి, దానిమీద వార్నీషు వేశాను నేను. ఎక్కడ ఉన్నాయో కూడా కనపడలేదు. ఉలి సందులో దూర్చుదామంటే సందు ఉంటే కదా. గోళ్లతో గీకాను. ఇంత గట్టిగా ఎందుకు చేశానురా దేవుడా అని పైకే అన్నాను. లోపల ఏదో చిన్నగా గీరిన చప్పుడు వచ్చింది. గుమ్మందాకా ఎక్కడానికి చూస్తోంది. అద్దంలా రుద్దిన చెక్కమీద దాని గోళ్లు జారిపోతున్నాయి.

కొట్టంలోకి పోయి బాడిసె తెచ్చాను. రేకు అంచున పెట్టి కొట్టాను. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకు మూత చెక్క నిలువునా చీలింది. ఆ చప్పుడుకు అత్త నెత్తిన తువ్వాలు వేసుకుని వీధిలోకి వచ్చింది.

"ఏందే, ఏమైందే?"

"ఉడికిపోతన్నయ్యి అత్తా, పిల్లలు ఉడికిపోతన్నయ్యి!"

మూత విప్పి చూశాను. మూడింటిలో ఒకటి అడుగున మెడ వాల్చి పడి ఉంది. పోయింది. రెండు నోళ్లు తెరుచుకుని, ఎగపోస్తూ, రెక్కలు విడిచేసి ఉన్నాయి. ఏం చేయాలో తెలియక పమిట చెంగు అడ్డం పట్టి అలాగే నిలబడ్డాను. దిగితే ఎండ పడుతుంది. దిగకపోతే నీళ్లు తేలేను.

చూస్తుండగానే అత్త మా గేటు తీసుకుని లోపలికి వచ్చేసింది. పంచ ఎక్కింది. ఇంట్లోకి పోయింది. మా ఇంట్లో ఏది ఎక్కడుంటుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు. తలుపు వెనకనుంచి ఆయన నల్ల గొడుగు, దొడ్లోంచి తడిపిన గోనెపట్టా తెచ్చింది. గొడుగు తెరిచి గుంజకు తాడుతో కట్టాము. గోనె గుంజకు పడమటివైపు చుట్టాము. నేను వేలికొసతో ఒక్కొక్క చుక్క నీళ్లు వాటి ముక్కు పక్కన అంటించాను. అత్త కిందనుంచి "ముంచి చంపుతావా ఏంది, ఒక్క చుక్క, ఒక్క చుక్క" అని అరుస్తూనే ఉంది.

ఇద్దరం పంచలోకి వచ్చి కూర్చున్నాము. తల్లి గోడమీద అటూ ఇటూ గెంతుతోంది, గొడుగును చూసి దగ్గరికి రావడం లేదు. ఎంతసేపు కూర్చున్నామో. అత్త మా కుండలో నీళ్లు ముంచుకుని తాగింది. ఆమె ఎక్కడ కూర్చుందో, ఏం తాగిందో ఆమెకే గుర్తులేదు. నేను గుర్తుచేయలేదు.

చివరికి తల్లి గొడుగు కిందికి దూరింది. ఒక గొంతు లేచింది. ఆగకుండా అరిచేదే. కాసేపటికి బొంగురుది. సన్నది లేవలేదు.

"నా బుద్ధి" అన్నాను. "అంతా ఆయన చెప్పినట్టే చేశానత్తా. ఒక్క ముక్క తప్పలేదు."

"వాడు మడుసులకి కట్టాడే. తలుపు తీసుకుని బయటికొచ్చేవాళ్లకి."

మళ్లీ ఆమే అంది. "నేను ఒకటి అననా? నువ్వు వడియాలు ఎప్పుడైనా దచ్చిణం పక్క ఎండబెట్టావా?"

లేదు. నలభై వేసవులు ఈ ఇంట్లో వడియాలు పెట్టాను. ఎండలు ముదిరాక దక్షిణపు గోడ పక్కన ఎండ పడదు, వడియం ఆరదు, బూజు పడుతుంది. అది నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. తెలిసీ ఇద్దరం కలిసి ఆ పిల్లల్ని తూర్పు గుమ్మం అని నడి ఎండలో నిలబెట్టాము. ఆ మాట ఆమె నోటితో అనలేదు గాని, లేచేటప్పుడు మోకాలిమీద చెయ్యి వేసుకుని చానాసేపు గుంజ వైపే చూసింది.

పోయినదాన్ని వేపచెట్టు మొదట్లో పెట్టాను. మర్నాడు పెట్టె లోపలి పలకమీద ఉలి మొనతో అడ్డంగా గీతలు గీశాను, మెట్లలాగా. ఒక వారం గొడుగు కిందే గడిచింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గోనె తడిపేదాన్ని. వారం తర్వాత ఒక పొద్దున ఆగకుండా అరిచేది గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. ఆ గీతలు పట్టుకునే ఎక్కి ఉంటుంది. కాసేపు లోకాన్ని చూసి, ఎగిరి, నేరుగా పోయి అత్తవాళ్ల బోరేలమీద పడింది. బొంగురుది సాయంత్రందాకా ధైర్యం చేయలేదు. దాని కోసం నేను పొయ్యి వెలిగించడం కూడా మానేసి కూర్చున్నాను. పొద్దుగూకబోతుండగా అది కూడా పోయింది.

అనుకున్నది కళ్లతో చూశాను. చూసిన మర్నాడు ఇల్లు మునుపటికంటే నిశ్శబ్దంగా ఉంది. గొడుగు విప్పి, మడిచి, తలుపు వెనక పెట్టాను. ఆ నల్లగుడ్డ ఎండకు వెలిసి ఎర్రబడింది. అన్నం ఒక మనిషికే వండాను. రెండు చుక్కల నీళ్లకోసం ఎవరూ లేరు.

అత్త ఇప్పుడు వస్తూపోతూ ఉంది. ఎక్కువసేపు కూర్చోదు, వాళ్ల ఇంట్లో పనులు. వానలు పడ్డాక గోరింకలు వేపచెట్టు పెట్టె ఖాళీచేసి పోతే, దానిలోకి పైడికంటె ఒకటి చేరింది. చిన్న గూబ. పొద్దుగూకగానే కంతలోంచి గుండ్రటి ముఖం పెట్టి చూస్తుంది.

"ఒసే, గూబే అది! ఇంటిమీద గూబ ఉంటే మళ్లీ పాడుపెట్టాలంటారు."

"ఇంకేం పాడుపెడతాను అత్తా. పెట్టింది చాలు."

"నీ ఇష్టమమ్మా. మా బోరేల్లో ఎలకలు మాత్రం తగ్గినయ్యి."

కాబట్టి గూబ ఉంది. మా ఇద్దరి కాపురం బాగానే సాగుతోంది. అది పగలు పడుకుంటుంది, నేను రాత్రి పడుకుంటాను.

ఇప్పుడు మూడో పెట్టె చేశాను. వేపచెక్క, రంపం కోసింది కోసినట్టే, గరుకుగా. లోపల చిత్రిక పట్టలేదు. జిగురు లేదు. మూతకు బందు పెట్టాను, వేలితో ఎత్తితే లేస్తుంది. అడుగున నాలుగు కంతలు తొలిచాను, మూతకింద పక్కలకు వేలి మందం సందు వదిలాను. సందు వదలడానికి చెయ్యి రాలేదు. రెండుసార్లు పలక దగ్గరికి జరిపి, మళ్లీ వెనక్కి లాగాను. గుమ్మం కంతకు కన్ను ఆనించి చూశాను. నాలుగు వైపులనుంచీ వెలుతురు వస్తోంది. ఆయనయితే ఆ పెట్టెను కొట్టం బయటికి పోనిచ్చేవాడు కాదు. ఆయనలాగే చెవిమీద పెట్టుకున్న పెన్సిలు తీశాను, నాకు జేబు లేదు, కొప్పులో దోపుకున్నాను.

దక్షిణపు గోడకు, చూరుకింద తగిలించాను. నిచ్చెన అత్త పట్టుకుంది. పసుపు బొట్టు పెట్టలేదు.

వారం అయింది. ఒక మగ పిచ్చుక రోజూ వచ్చి మూతమీద వాలుతోంది, తల వంచి లోపలికి చూసి పోతోంది. ఇంకా లోపలికి పోలేదు. పంచలో నూకలు చల్లి ఉంచాను. వంటింటి కిటికీ రెక్క తెరిచే ఉంటోంది.